పొంగిన బండ

లక్ష్మక్కను గురువారం మిట్టమధ్యాహ్నం స్నానాల గదిలో, పచ్చటి పొగలో వదిలేసి వచ్చాం. ఈ వారమంతా మీరు నన్ను తిట్టుకుంటూ ఉంటారని నాకు తెలుసు. ఆమె బతికింది. ముందే చెప్పేస్తున్నాను, మీరు ఊపిరి పీల్చుకోండి. ఆమె మాత్రం ఇంకా సరిగ్గా పీల్చుకోలేకపోతోంది.

కథలోకి ఈ వారమే వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు. లక్ష్మక్కది ఆదోని పక్కన ఒక పల్లె. భర్త పోయిన ఏడాదే కర్నూలుకు రాజధాని వచ్చింది. డేరాల్లో ఆఫీసులు, ఆఫీసుల నిండా గుమాస్తాలు, గుమాస్తాలకు కూడు వండిపెట్టే దిక్కు లేదు. లక్ష్మక్క బురుజు వెనక సందులో ఇల్లు బాడుగకు తీసుకుని మెస్సు పెట్టింది. ఏడుగురు గుమాస్తాలు రెండు పూటలా ఆమె చేతి జొన్నరొట్టె తిని ఆఫీసుకు పోతున్నారు. హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇల్లు శుభ్రంగా ఉందని రాస్తే గాని మెస్సుకు లైసెన్సు రాదు. గురువారం సాయంత్రం ఆయన వస్తానన్నాడు. స్నానాల గదిలో బేతంచర్ల బండలు ఎంత తోమినా పాచి వదలడం లేదు. కలరా భయంతో బావిలో వేసుకొమ్మని మునిసిపాలిటీ వాళ్ళు ఇచ్చిపోయిన బ్లీచింగు పొడి ఇంట్లో ఉంది. సైకిలు మీద తిరిగే నరసన్న దగ్గర కొన్న తేజాబు సీసా కూడా ఉంది, తేజాబంటే బండలు కడిగే యాసిడే. ముందు పొడి చల్లింది. చాలలేదనిపించి దాని మీదనే తేజాబు పోసింది. ఆ తర్వాత ఏం జరిగిందో లక్ష్మక్కకు కూడా సగమే గుర్తుంది.

సోమవారం పొద్దున జట్కా వచ్చి ఆమె వాకిట్లో ఆగింది. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుండి వచ్చిన మనిషి కిందికి దిగి, గుంజ పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. ఎదురింట్లో ఎవరో ఉల్లిగడ్డలు వేయిస్తున్నారు. ఆ వాసన గొంతులోకి పోయింది, మంట పుట్టలేదు, దగ్గు రాలేదు. అంత మాత్రానికే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఎనిమిదేళ్ళు ఊపిరిని ఊరకే వాడుకుంది, ఒక్కరోజూ దాన్ని పలకరించిన పాపాన పోలేదు. ఇప్పుడు ప్రతి ఊపిరికీ దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

అరుగు మీద ఏడుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. పలకరించడానికి వచ్చారనుకుంది. పలకరించారు కూడా. అందరికంటే పెద్దవాడు, బద్వేలు నుంచి వచ్చిన హెడ్ గుమాస్తా పుల్లయ్య లేచి, "బాగుండావా లక్ష్మక్కా? మాకు నాలుగు దినాల నుంచి తిండి లేదు నిద్ర లేదు" అన్నాడు. నిద్ర సంగతేమో గాని తిండి మాట మాత్రం నిజం. స్టేషను దగ్గరి హోటలులో తిని ఏడుగురి కడుపులూ చెడిపోయాయి. మొహాలు పీక్కుపోయి ఉన్నాయి.

"పొయ్యి అంటిస్తా. గంటలో రొట్టెలు చేస్తా" అంది లక్ష్మక్క బొంగురుపోయిన గొంతుతో.

పుల్లయ్య తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "అదే చెప్తాండా. పొయ్యి అంటించే ముందర ఒక పని ఉండాది. గురువారం నీ కోసరం ఆ కాలువ తీసే జీవమ్మ మేము తింటాండే చావిట్లోంచి, మా ఇస్తర్ల ముందరినించి వంటింట్లోకి పోయింది. నీళ్ళ బాన కాడ నిలబడి కొంగు తడుపుకొనింది. మేము కళ్ళారా చూసినాము. అయ్యగారిని పిలిపించి వంటిల్లు శుద్ధి చేయించు. ఆ మీదట మాకేం పట్టింపు లేదు."

లక్ష్మక్క ఆయన మొహంలోకి చూసింది. ఆమెకు కోపం రాలేదు, కోపానికి కావలసినంత ఊపిరి ఇంకా రాలేదు. కాని నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగేదాకా ఏడుగురూ నేల చూపులు చూశారు.

"శుద్ధి చేద్దామనే గదన్నా నేను ఆ సీసా పోసింది!" అంది. "శుద్ధి అయ్యి అయ్యి పానం పోతా ఉంటే ఆయమ్మ వచ్చి ఎత్తుకొచ్చింది. మళ్ళా శుద్ధి అంటావు. నాకు ఆ మాట వింటేనే గొంతు మండుతాది."

"అట్ల గాదు లక్ష్మక్కా..."

"నేను గదిలో అరిచినప్పుడు మీరు ఏడుగురు ఈడనే కూసోని ఉండిరి. తినేది నిలిపింది ఎవరు?"

పుల్లయ్య తువ్వాలు మళ్ళీ మొదటి భుజం మీదికి మార్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ రోజు గోంగూర పప్పు చాలా బాగుంది, ఆడవాళ్ళు నీళ్ళ గదిలో అరిస్తే మగవాళ్ళు పోవచ్చునో పోకూడదో తేల్చుకోలేకపోయాడు. తేల్చుకునేలోగా, దొడ్డివాకిలి గడియ పెట్టి ఉండడంతో, జీవమ్మ ముందరి వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆయన ఇస్తరి దాటిపోయింది. దాటేటప్పుడు ఆమె కాలి మట్టి మజ్జిగ ముంతలో పడింది. ఆయనకు ఆ మజ్జిగ బాగా గుర్తుండిపోయింది.

"ఎవరికి పట్టింపు ఉండాదో వాళ్ళు హోటలుకు పోండప్పా. ఎవరికి ఆకలిగా ఉండాదో వాళ్ళు కూసోండి" అని లక్ష్మక్క లోపలికి నడిచింది. నలుగురు కూర్చున్నారు. ఇద్దరు చెప్పులేసుకుని పోయారు. పుల్లయ్య అరుగు దిగీ దిగనట్టు ఒక కాలు కింద, ఒక కాలు పైన పెట్టి నిలబడిపోయాడు.

లక్ష్మక్క వంటింట్లో ఆగకుండా నేరుగా దొడ్డివాకిలి తీసింది. సందులో జీవమ్మ కాలువ తీస్తోంది. రెండేళ్ళుగా రోజూ పొద్దున ఆ వాకిట్లోంచే వస్తుంది, స్నానాల గదీ కాలువా కడుగుతుంది, ఆ వాకిట్లోంచే పోతుంది. ఆమె మొహాన్ని తేరిపార చూసిన గుర్తు లక్ష్మక్కకు లేదు. ఇప్పుడు చూసింది. తన ఈడు మనిషే. నుదుటి మీద చీపురుపుల్ల గీరుకున్న గాటు ఉంది. గురువారం తలుపు బద్దలు కొట్టినప్పుడు భుజానికి తగిలిన దెబ్బ ఇంకా నల్లగానే ఉంది.

ఆసుపత్రి మంచం మీద పడుకుని ఏమేం చెప్పాలో ఎన్నో అనుకుంది. తీరా ఎదురుగా నిలబడితే ఒక్క మాటా రాలేదు. కృతజ్ఞత అనే మాట పుస్తకాల్లో ఉంటుంది, ఆదోని పల్లెల్లో ఎవరి నోటా ఉండదు. అక్కడివాళ్ళకు ఆ సందర్భంలో వచ్చే మాట ఒక్కటే.

"బువ్వ తిన్నావా జీవమ్మా?"

"తిన్న్యామ్మా. నువ్వు లెయ్యద్దు, పండుకో పో. మొగమంతా పాలిపోయిండాది."

"లోపలికి రా."

జీవమ్మ వాకిలి దగ్గరే ఆగిపోయింది. "వద్దులేమ్మా. వాళ్ళు మాట్లాడేది సందులోకి ఇనపడింది."

"వాళ్ళు మాట్లాడతారు. నేను పిలుస్తాండా" అని లక్ష్మక్క ఆమె చెయ్యి పట్టుకుంది. బురద చెయ్యి. జీవమ్మ వెనక్కు గుంజుకోబోయింది గాని లక్ష్మక్క వదలలేదు. ఆ చేతిని పట్టుకునే ఏడ్చేసింది. ఇక దాచుకోవడం దేనికని గట్టిగానే ఏడ్చింది. "నువ్వు రాకుంటే ఈపాటికి నా దినాలు లెక్క పెట్టుకుంటా ఉందురు" అంది. జీవమ్మకు ఏం చెయ్యాలో తెలియక, "ఊరుకోమ్మా, దగ్గొస్తాది" అని చెంగుతో గాలి విసిరింది.

ఇద్దరూ స్నానాల గది ముందు నిలబడ్డారు. తలుపు ఒక రెక్క ఊడి ఉంది. నాలుగు రోజుల గాలికి వాసన పోయింది. బండల మీద తెల్లటి మచ్చలు, మచ్చల్లో వేలు పట్టేంత గుంటలు ఉన్నాయి.

"చూడు, ఇంత పాచి యాడినుంచి వచ్చిందో! సీసా పోసిన ప్రతిసారీ బుసబుసా పొంగుతాండె. మురికంతా పైకి లేచి పోతాదని నరసన్న నా కళ్ళ ముందరే పోసి చూపించినాడు" అంది లక్ష్మక్క.

జీవమ్మ వంగి ఒక గుంటలో వేలు పెట్టి చూసింది. తర్వాత, "ఇంట్లో నిమ్మకాయ ఉండాదామ్మా?" అని అడిగింది.

లక్ష్మక్క తెచ్చిచ్చింది. జీవమ్మ వంటింటి గడప దగ్గరున్న బండను చూపించింది. ఆ బండకు తేజాబు ఎప్పుడూ తగల్లేదు, రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచేది. అద్దం మాదిరి నున్నగా ఉంది. జీవమ్మ కొడవలి మొనతో దాని మీద చిన్న గీత గీసి, లేచిన పొడి మీద నిమ్మకాయ పిండింది. సన్నటి బుడగలు లేచాయి. వంగి చూస్తే చిటచిటమన్న చప్పుడు కూడా వినిపించింది. ఒక కాలు కింద, ఒక కాలు పైన పెట్టిన పుల్లయ్య ఎప్పుడు లోపలికి వచ్చాడో గాని, ఆయన కూడా మెడ చాపి చూస్తున్నాడు.

"ఈడ మురికి లేదు గదామ్మా. మరి పొంగింది ఏంది?" అంది జీవమ్మ.

లక్ష్మక్క ఆ తడి గీతను వేలితో రుద్ది చూసింది.

"బండే పొంగుతాది. ఇది సున్నపురాయి. బేతంచర్ల గనిలో మా వాళ్ళు రాయి మంచిదో కాదో ఇట్లనే నిమ్మకాయ పిండి చూస్తారు. పులుపు తగిలితే ఈ రాయి కరిగిపోతాది. నిమ్మకాయకే ఇట్లుంటే తేజాబుకు ఎట్లుంటాది? నువ్వు పోసినప్పుడల్లా మురికి పోలేదు, బండ పోయింది. నున్నటి బండ గరుకైంది. గరుకులో నీళ్ళు నిలిచి పాచి పట్టింది. ఆ పాచి పోయేదానికి నువ్వు మళ్ళా సీసా పోస్తివి."

"ఏందిది!" అన్నాడు పుల్లయ్య. మేము దిగిన బాడుగింట్లో కూడా ఆరు సీసాలు వాడినారే అని గొణుక్కున్నాడు.

లక్ష్మక్క గడప మీదే చతికిలబడింది. రెండేళ్ళుగా ఇంటిని శుభ్రం చేస్తున్నాననుకుని ఇంటినే కరిగించి కాలువలో పారబోసింది. ఆ కాలువ తీసేది జీవమ్మ. ఆ నీళ్ళలో రోజూ కాళ్ళు పెట్టేది జీవమ్మ. ఆమె పాదాల వైపు చూడాలంటే లక్ష్మక్కకు ధైర్యం చాల్లేదు. అయినా చూసింది. వేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"ఇంగ దేంతో తోమాల మరి?"

"వారం వారం తలకు పోసుకున్నాక కుంకుడు పిప్పి పెంటలో పారేస్తావు. అది, పొయ్యిలో బూడిద, టెంకాయ పీచు. గట్టిగా తోమి, కడిగి, తలుపు తీసి పెట్టు. ఎండ తగిలి ఆరితే పాచి రాదు. ఆ గది తలుపు నువ్వు ఎప్పుడూ మూసే పెడతావు. ఆ తెల్ల పొడి బావికి ఇచ్చినారు, బావిలోనే ఎయ్యి, వాళ్ళు చెప్పినంతే ఎయ్యి. దాన్ని తెచ్చి దేంట్లోనూ కలపద్దు."

లక్ష్మక్క లేచి పొయ్యి అంటించి, రొట్టెలు కాల్చి, నాలుగు ఇస్తర్లు వేసింది. తర్వాత ఐదోది వేసింది, అప్పటికి పుల్లయ్య కాళ్ళు రెండూ లోపలే ఉన్నాయి. ఆయన కూర్చుని, రెండు రొట్టెలు తిని, మూడోదానికి చెయ్యి చాపాడు. శుద్ధి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తినేవాళ్ళు ఆఫీసుకు పోయాక లక్ష్మక్క జీవమ్మకు రొట్టెలు పెట్టి, తాను ఎదురుగా కూర్చుంది. ఆమెను అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది.

"ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక మాట అడిగింది. 'నిన్ను తెచ్చిన మనిషి ఎవరు? ఈ పొగ మింగినోళ్ళను అందరూ పండబెడతారు, ఆ మనిషి జట్కాలో ఆనించి కూసోబెట్టి తెచ్చింది, మూతికి తడిగుడ్డ కట్టుకొని లోపలికి పోయింది, ఎవరు నేర్పించినారు ఆమెకు?' అనింది. నాకేం తెల్దంటి. నీకు ఎట్ల తెలుసు జీవమ్మా?"

జీవమ్మ చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఆగిపోయింది.

"వాసన బట్టి తెలుసుకుంటినమ్మా. సందులో ఉంటి. ఆ ఘాటు గాలిలో వచ్చింది. అది మా ఇంట్లో రోజూ వచ్చే వాసన."

"మీ ఇంట్లోనా?"

"కూసోబెట్టేది గూడా మా ఇంట్లోనే నేర్చుకుంటి. నా మొగున్ని రోజూ పొద్దుగూకితే అట్లనే గోడకు ఆనించి కూసోబెడతా. పండుకుంటే ఊపిరాడదు."

లక్ష్మక్కకు ఇంకా అర్థం కాలేదు. జీవమ్మ చెయ్యి కడుక్కుంది. ఒకసారి మొదలుపెట్టాక మాట ఆగలేదు.

"నా మొగుడు ఏసేపు గనిలో పనోడు. బండ పడి కాలు ఇరిగినాక ఎవురూ పనికి పిలవలేదు. నరసన్న వచ్చి జాడీలు దించిపోయినాడు. ఇంట్లో కూసోని చేసే పని, కష్టం లేదన్నాడు. జాడీలో తేజాబు, తొట్లో నీళ్ళు, కలిపి సీసాల్లో పోసేది. నీకు వచ్చిన సీసా, పుల్లయ్యన్నోళ్ళ బాడుగింటికి పోయిన సీసాలు, ఈ ఈదిలో అన్ని సీసాలు నా మొగుడు నింపినవే. చేతి ఏళ్ళ గోర్లు పోయినాయి. దగ్గితే రగతం వస్తాది. మానుకో అంటే ఇనడు. పొయ్యి యాడినుంచి మండాల అంటాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ ఇంటికి మొదటి సీసా వచ్చిన దినమే చెప్పాల్సిందమ్మా. ఇది బండను తింటాది, మనిషిని గూడా తింటాదని నాకు తెలుసు. చెప్తే ఆయన పని పోతాదని చెప్పలేదు. నువ్వు గదిలో పడిపోయినప్పుడు, నేనే తోసినట్టు అనిపించింది."

లక్ష్మక్క గుండెల్లో ఒక్క క్షణం భగ్గుమంది. రెండేళ్ళు! రోజూ ఈ బండలు కడుగుతూ, అవి గుంటలు పడుతుంటే చూస్తూ, నోరు తెరవలేదు. అడిగేద్దామని నోరు తెరిచింది. తెరిచిన నోటితో ఊపిరి లోపలికి పోయింది, గొంతు దాటి, రొమ్ములోకి, హాయిగా. ఆ ఊపిరి ఎవరిచ్చారో ఆమెకు తెలుసు. రెండేళ్ళ మౌనం ఉంది, నిజమే. ఏడుగురు మగవాళ్ళు కూర్చున్న చోట ఒక్కతే పరిగెత్తిన కాళ్ళు కూడా ఉన్నాయి. లక్ష్మక్కకు రెండూ కనిపించాయి. రెండో దాని మీదనే ఆమె చూపు నిలిచింది.

"ముందు ఆ రొట్టె తిను. తిన్నాక మీ ఇంటికి పోదాం. ఏసేపుకు నేను చెప్తా. నువ్వు చెప్తే ఇనడు గాని, చచ్చి బతికొచ్చినదాన్ని ఎదురుగా చూస్తే ఇంటాడు" అంది లక్ష్మక్క.

జీవమ్మ తల ఎత్తింది. "మా పేటకా? నువ్వా?"

"నువ్వు నా వంటింట్లోకి వస్తివి. నేను నీ వాకిట్లోకి రాకూడదా?"

ముందరి వాకిట్లో బూట్ల చప్పుడయింది. ఖాకీ నిక్కరు, చంకలో పుస్తకం, వెనకాల ఒక పోలీసు జవాను. హెల్త్ ఇన్‌స్పెక్టరు. గురువారం లైసెన్సు కోసం రావలసిన మనిషి సోమవారం వేరే పని మీద వచ్చాడు. ఆసుపత్రి నుంచి మునిసిపాలిటీకి కాగితం పోయిందట. నిన్న కల్లూరులో ఒక బాలింత కూడా ఇట్లాగే పడిపోయిందట. ఆమె ఇంకా కళ్ళు తెరవలేదట.

ఆయన కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచాడు. "ఏమమ్మా, సీసా అమ్మినోడు నరసన్న అని తెలిసింది. వాడు పరారీలో ఉన్నాడు. వానికి నింపి ఇచ్చేది ఎవరో, ఎక్కడ నింపుతున్నారో తెలిస్తే ఈ పూటే జాడీలు పట్టుకుంటాం. లేకుంటే రేపు సంతకు ఇంకో యాభై ఇళ్ళకు పోతాయి. నీకేమన్నా తెలుసా?"

జీవమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వద్దని సైగ చెయ్యలేదు. చెప్పమని కూడా అనలేదు. కళ్ళు మూసుకుంది, అంతే.

లక్ష్మక్క కళ్ళ ముందు కల్లూరు బాలింత మెదిలింది. ఆమె అరిస్తే పరిగెత్తుకు రావడానికి ఆ సందులో ఏ జీవమ్మా లేకపోయింది. తెలియదని చెప్పడం ఎంత సులువు! ఆ ఒక్క అబద్ధంతో బాకీ తీరిపోయిందనుకోవచ్చు. కాని తనకు ఊపిరి పోసిన మనిషికి ఇంకో యాభై మంది ఊపిరిని బహుమానంగా ఇస్తే, ఆ బహుమానాన్ని జీవమ్మ మాత్రం మొయ్యగలదా?

"తెలుసు సార్. పేరు చెప్తా, ఇల్లు గూడా నేనే వచ్చి చూపిస్తా. జాడీలు తీసకపోండి, ముందు ఆ మనిషిని ఆసుపత్రికి తీసకపోండి. కానీ పుస్తకంలో ఒక్క పేరే రాస్తే నేను ఒప్పుకోను. నన్ను బతికించిన మనిషి పేరు గూడా రాయాల. సీసాలు నింపినోని పేరు, నన్ను ఎత్తుకొచ్చిన ఆమె పేరు, రెండూ ఒకే ఇంట్లోవి."

జీవమ్మ కళ్ళు తెరిచింది. పోలీసు జవాను ఆమె వైపు తిరిగాడు.

ఇన్‌స్పెక్టరు కలం సిరాలో ముంచి, కాగితం మీద ఆనించబోయి ఆగాడు. ఒకసారి లక్ష్మక్కను, ఒకసారి గోడ దగ్గరున్న మనిషిని చూశాడు.

"ముందు ఏ పేరు రాయమంటావమ్మా?" అన్నాడు.